బాలింత భోజనము, శిశువు కడుపు

ఈ పత్రికలో పత్తి తెగుళ్లను గూర్చియు, కంది విత్తనమును గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు చదువుటకు అలవాటుపడిన సభ్యులు ఈ నెల పాఠమును చూచి కొంత ఆశ్చర్యపడవచ్చును. బాలింత తిండికిని సహకార సంఘమునకును సంబంధమేమి యని అడుగువారును ఉందురు. ఆ సంబంధ మెట్లు కలిగినదో మొదట చెప్పెదము.

గడచిన వానకాలమున గోలేటి దగ్గరి పల్లెనుండి సభ్యులొకరు యూరియా బస్తాలకై సంఘమునకు వచ్చిరి. రసీదు వ్రాసి యిచ్చిన పిదపను ఆయన వెళ్లక గోడ నానుకొని నిలిచియుండిరి. కారణ మడుగగా, రెండు బస్తాలలో ఒకటి తిరిగి తీసికొని పైక మిప్పింపగలరా యని మెల్లగా పలికిరి. ఇంట ఏబది దినముల మనుమడున్నాడు. దీపములు పెట్టిన వేళనుండి నడిరేయి దాక మోకాళ్లు కడుపునకు ముడుచుకొని, మొగము ఎఱ్ఱబడునట్లు ఏడ్చుచున్నాడు. తల్లి తిన్నదే బిడ్డ కడుపులో పోటై నిలిచినదని ఇంటివారు నిశ్చయించి మొదట పెరుగు మాన్పించిరి, ఏడ్పు మానలేదు. పప్పు మాన్పించిరి; మానలేదు. ఆకుకూరలు, వంకాయ, ఆలుగడ్డ, గ్రుడ్డు ఒకటొకటిగా ఆమె పళ్లెమునుండి తొలగిపోయినవి. ఇప్పు డామె రెండు పూటల తెల్లన్నము, వెల్లుల్లి కారము, మిరియాల చారు మాత్రమే తినుచున్నది. ఇంత చేసినను బిడ్డ ఊరకుండకపోవుటచే, ఇక పాలే చెడ్డవని ఇరుగుపొరుగులు తీర్పు చెప్పిరి. పాలడబ్బా కొనుటకై ఆయన ఎరువు బస్తాను వదులుకొన వచ్చిరి.

మేము వైద్యులము కాము. ఐనను ఆయన మాటలు విని ఊరకుండలేకపోతిమి. తెలిసిన వైద్యులను అడిగియు, గ్రంథములను చూచియు తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాము. ఒక వైపు సింగరేణి బొగ్గు గనులు, మరియొక వైపు పత్తి, కంది చేలు గల ఈ రెబ్బెన మండలమున గని కార్మికుని క్వార్టరులో నేమి, రైతు ఇంట నేమి, ఇటువంటి కథ క్రొత్తది కాదు. పేరు మార్చి ఏ ఇంటికైనను అతికింపవచ్చును.

రైతునకు బాగుగా తెలిసిన సంగతితో మొదలుపెట్టుదము. ఈనిన గేదెకు మన మేమి చేయుదుము? తవుడు కలిపి కుడితి పెట్టుదుము. పత్తిగింజలు నానవేయుదుము, తెలకపిండి అందింతుము, పచ్చిమేత ఎచ్చట నున్నను కోసి తెత్తుము. మేత తగ్గించినచో పాలు మంచివగునని ఎవడైనను చెప్పిన, వాడు పాడి ఎరుగనివాడని నవ్వుదుము. దూడ పారుకొన్నచో గేదె గాటిని ఖాళీ చేయము. దూడ ఎంత కుడిచినదో, ఎచ్చట మట్టి నాకినదో చూతుము. ఇంత తెలివి గల మనమే కోడలి విషయము వచ్చునప్పటికి బిడ్డ ఏడ్చిన ప్రతిసారియు ఆమె పళ్లెమునుండి ఒక వస్తువును తీసివేయుచున్నాము.

మన పెద్దలు పెట్టిన పథ్యమంతయు తప్పని మేము చెప్పము. కాన్పు చేసికొన్న దేహమునకు విశ్రాంతి కావలెను. వేడివేడిగా, మెత్తగా, సులభముగా అరుగు అన్నము కావలెను. మొదటి దినములలో ఇచ్చు సొంఠి, మిరియాలు, బెల్లము కలిసిన కాయము వలన బాలింతకు ఆకలి పుట్టునని పెద్దల అనుభవము. కరివేపాకు కారములో ఆకున్నది, నువ్వులు వేసినచో మఱింత బలమున్నది. చిక్కంతయు పథ్యములో లేదు, పథ్యమునకు అంతు లేకపోవుటలో నున్నది. పది దినములకై పెట్టినది నలుబది దినములై, నలుబది మూడు నెలలై, బిడ్డ ఏడ్చినప్పుడెల్ల దానికి క్రొత్త నిషేధములు చేరుచున్నవి.

“పప్పు తింటె పోరనికి గాలి పడతది” అని మన ప్రాంతపు అవ్వలు చెప్పుదురు. ఈ మాటను తూచి చూతము. మనము తిన్న పప్పు కడుపులోను ప్రేగులలోను అరుగును. అందులో అరుగక మిగిలిన పీచును పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టుటచే గాలి పుట్టును. తిన్న మనకు ఉబ్బరముగా నుండుట అందువలననే. కాని పాలు ప్రేగులలో తయారగునవి కావు. అరిగిన ఆహారపు సారము రక్తములో కలిసి, ఆ రక్తము రొమ్మునకు చేరగా, అచ్చటి గ్రంథులు తమకు కావలసినదానిని ఏరుకొని పాలు చేయును. పీచు రక్తములోనికి పోదు. పప్పు వలన పుట్టిన ఉబ్బరము పాలలో చేరి బిడ్డ కడుపును పొంగింపదు. కనుక తల్లికి ఉబ్బరము కలిగినచో అది తల్లిదే. పాలలోని చక్కెరను రొమ్ము తానే తయారుచేయును. తల్లి పెరుగు తిన్నను మానినను అది మారదు. చల్లని పదార్థము తిన్న తల్లి పాలు చల్లబడవు, అవి ఎల్లప్పుడును దేహపు వెచ్చదనముననే వచ్చును. పచ్చిమిరపకాయ తిన్న తల్లి పాలు బిడ్డ నోటికి మంట పుట్టింపవు. అట్లయినచో కారమునకు పేరుపడిన మన తెలుగు దేశమున పిల్లలు బ్రతుకుటయే అరుదై యుండెడిది.

తల్లి తిన్నదానిలో ఏదియు పాలకు చేరదని చెప్పినను తప్పే. వాసన చేరును. 1991లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మెనెల్లా, బోషాంప్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పాలిచ్చు తల్లులకు వెల్లుల్లి తినిపించి చూచిరి. కొన్ని గంటలలో పాలకు వెల్లుల్లి వాసన పట్టినది. పిల్లలు ముఖము త్రిప్పుకొందురేమో యని మనమనుకొందుము. వారు మఱింత సేపు రొమ్ము పట్టి త్రాగిరి. తల్లి తినువాటి వాసన బిడ్డకు ముందే పరిచయమగుట మంచిదే కదా, రేపు ఆ ఇంటి కూడే వాడు తినవలెను. మన బాలింతలకు వెల్లుల్లి కారము పెట్టు అవ్వ ఈ పరీక్ష సంగతి వినిన, ఇందు క్రొత్త యేమున్నదని అడుగును.

వాసనకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆవుపాలు, గేదెపాలలోని మాంసకృత్తులు తల్లి త్రాగగా మిక్కిలి కొద్దిపాటి అంశము ఆమె పాలలో చేరును. కొందరు శిశువులకు అది పడదు. 1978లో స్వీడను దేశమున యాకబ్సన్, లిండ్బెర్గ్ అను వైద్యులు, కడుపునొప్పితో ఏడ్చు చంటిబిడ్డల తల్లులు 18 మందిచేత ఆవుపాలు మాన్పించగా 13 మంది బిడ్డల ఏడ్పు తగ్గినదని ప్రకటించిరి. దీనిని విని సంతోషించి ప్రతి బాలింత చేతను పాలు, పెరుగు మాన్పింపరాదు. ఆ తరువాత జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2018లో పరిశీలించినవారు, తల్లి ఆహారము మార్చుటచే శిశువు కడుపునొప్పి తగ్గునని గట్టిగా చెప్పుటకు చాలినంత ఆధారము లేదని వ్రాసిరి. నిజముగా పాలు పడని బిడ్డకు ఏడ్పుతోపాటు ఇతర గుర్తులును సాధారణముగా ఉండును: మలములో జిగురుతో కూడిన నెత్తురు చారలు, చర్మముపై ఎండిన దద్దురులు, మాటిమాటికి వాంతి, బరువు పెరుగకుండుట. ఈ గుర్తులు కనబడినచో వైద్యుని సలహాపై తల్లి రెండు వారములు పాలు, పెరుగు, మజ్జిగ మానవలెను. ఆ దినములలో వానికి బదులుగా పప్పు, గ్రుడ్డు, నువ్వులు, రాగులు ఎక్కువ తినవలెను. తగ్గినచో మరల పాలు కొద్దిగా తిని చూడవలెను. మరల రోగము కనబడిననే పాలు కారణమని నమ్మవలెను. ఒక పొలములో రెండు మందులు ఒకే దినమున చల్లి, ఏది పనిచేసినదో చెప్పుమనిన రైతు చెప్పలేడు. తల్లి ఆహారమును గూర్చియు అంతే. ఒకటి మాని చూడవలెను గాని అయిదు మానరాదు.

టీ, కాఫీలలోని కెఫిన్ పాలలోనికి కొద్దిగా చేరును. క్రొత్తగా పుట్టిన బిడ్డ దేహము దానిని వెడలగొట్టుటకు దినములు పట్టును. దినమునకు రెండు కప్పులతో భయము లేదు. గని షిఫ్టులకు లేచి వంట చేయు ఇండ్లలో వలె గంటకొక టీ త్రాగినచో బిడ్డ నిద్రకు చెరుపు కలుగవచ్చును. కల్లుగాని, ఇప్పసారా గాని త్రాగిన తల్లి రక్తములో ఎంత మత్తున్నదో పాలలోను ఇంచుమించు అంతయే యుండును. పొగాకు నమలు తల్లుల పాలలో దాని విషము చేరును. తల్లి పొగ త్రాగు ఇండ్లలో శిశువుల కడుపునొప్పి ఎక్కువని పరిశోధనలు చెప్పుచున్నవి. కావున బీడీ కాల్చు మగవారును బిడ్డ యున్న గదిలో దానిని ముట్టింపరాదు. పప్పు మాన్పించుటలో చూపిన పట్టుదలలో సగము బీడీ విషయమున చూపినచో మేలు.

ఇక ఈ పాఠమునకు ప్రాణమైన సంగతికి వచ్చుచున్నాము. తల్లి తిన్నది బిడ్డకు చేసిన కీడు మిక్కిలి కొంచెము. తల్లి తిననిది చేసిన కీడు చరిత్రలో వ్రాయబడియున్నది. అది పరదేశపు చరిత్ర కాదు, మన తెలుగువారిదే.

బెరిబెరి యను వ్యాధిని నేటివారు ఎక్కువగా ఎరుగరు. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె పెద్దదై మనుష్యుడు చనిపోవును. మర చేత తెల్లగా పాలిషు పట్టిన పచ్చి బియ్యమే ముఖ్యాహారముగా గల దేశములలో ఈ వ్యాధి ప్రబలెను. భారతదేశమున దీనికి ముఖ్యస్థానము ఉత్తర సర్కారులు, అనగా గోదావరి, విశాఖపట్టణము మొదలైన కోస్తా తెలుగు జిల్లాలు. దీనిని విచారించుటకే 1918లో కూనూరునందు రాబర్ట్ మెక్కారిసన్ దొరగారి యాజమాన్యమున ఒక గదిలో చిన్న పరిశోధనశాల మొదలైనది. బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి మెక్కారిసన్, నారిస్ గారలు 1924లో గ్రంథము ప్రకటించిరి. ఆ పరిశోధనశాలయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను.

ఈ వ్యాధి పెద్దలకన్న చంటిబిడ్డలను దారుణముగా పట్టును. పాలు కుడుచు రెండవ నెలనుండి అయిదవ నెల లోపల, చూచుటకు బొద్దుగా నున్న బిడ్డ, ఆకలి మందగించి, వాంతి చేసికొని, మలబద్ధముతో, కడుపునొప్పి గలవానివలె ఆగక ఏడ్చును. తరువాత గొంతు పోయి, ఏడ్చుచున్నట్లు నోరు తెరచినను శబ్దము రాదు. ఆపైన గుండె ఆగి గంటలలో ప్రాణము పోవచ్చును. జపానులో హిరోతా యను వైద్యుడు 1898లోనే ఈ రోగము తల్లిపాల మూలమున వచ్చుచున్నదని వ్రాసెను. ఫిలిప్పీను దీవులలో 1910 ప్రాంతమున బియ్యపు తవుడు నుండి తీసిన కషాయము బిడ్డలకు పోయగా వారు కోలుకొనిరి. దానికి అచ్చటివారు టికిటికి యని పేరుపెట్టిరి. మన వైపున ఐక్రాయిడ్, కృష్ణన్ గారలు మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతమున శిశుమరణములను పరిశీలించి 1941లో తమ వ్యాసమును ప్రకటించిరి.

రోగమునకు కారణము పాలలో విషముండుట కాదు, పాలలో ఒక సారము లేకుండుట. ఆ సారమునకు థయమిన్ లేక బి1 విటమిను అని పేరు. అది ధాన్యపు గింజ పైపొరలో నుండును. మర ఆ పొరను తవుడుగా చెక్కివేయును. మిగిలిన కొంచెము బియ్యము మూడు నాలుగుసార్లు కడిగిన నీటిలోను, వార్చి పారబోసిన గంజిలోను పోవును. తల్లి దేహములో బి1 తగ్గిన కొలది పాలలోను తగ్గును. సభ్యులు ఈ సంగతిని ఒకసారి నిలిచి ఆలోచింపవలెనని మా కోరిక: పసిబిడ్డను బ్రతికించు తవుడు గేదె కుడితిలో పడినది, తెల్లన్నము బాలింత పళ్లెములో పడినది. గేదె దూడ బాగుగనే యున్నది.

ఆనాడు తెలంగాణమున ఈ వ్యాధి సర్కారులలో వలె లేదు. మన పూర్వులు జొన్న గటుక, జొన్నరొట్టె, అంబలి తినెడివారు. బియ్యమైనను రోట దంచినవి. పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారము 100 గ్రాముల తెల్ల బియ్యములో బి1 సుమారు 0.06 మిల్లీగ్రాము మాత్రమే. జొన్నలలో దానికి దాదాపు ఆరు రెట్లు కలదు. పప్పులలోను, వేరుసెనగలలోను, నువ్వులలోను ఇంకను ఎక్కువ. జొన్న యొక్కటియే అమృతమని మేము చెప్పము. జొన్న తప్ప మరియొకటి తినలేని బీదలకు పెల్లాగ్రా యను చర్మవ్యాధి వచ్చుటను హైదరాబాదులోనే గోపాలన్, శ్రీకాంతయ్య గారలు 1960లో వివరించిరి. ఏ ఒక్క ధాన్యమును ఒంటరిగా దేహమును పోషింపదు. అయినను నేడు మన ప్రాంతమున జొన్నచేలు తగ్గి పత్తిచేలు పెరిగినవి. 2025 ఉగాదినుండి చౌక దుకాణములలో సన్నబియ్యము పంచబడుచున్నది. సన్నబియ్యము వచ్చుట రైతులకును కూలీలకును సంతోషమే. దానిని ఆక్షేపించుట మా ఉద్దేశము కాదు. కాని పళ్లెములో తెల్లన్నము పెరిగిన కొలది ప్రక్కన పప్పు తప్పనిసరి యగును. అటువంటి సమయముననే మనము బాలింతకు పప్పు మాన్పించుచున్నాము.

ఇది పాత కథయే కదా యందురేమో. థాయిలాండు సరిహద్దునందలి కరెన్ జాతి శరణార్థుల శిబిరములలో, బాలింతలు ఆచారము ననుసరించి కఠిన పథ్యముతో నుండుటచే శిశువులు ఇట్లే చనిపోవుచుండగా వైద్యులు కనిపెట్టి తల్లులకు బి1 మాత్రలు ఇచ్చిరి. గడచిన పదియేండ్లలో కాశ్మీరు వైద్యులు సయితము, పాలిషు బియ్యముపైన పథ్యముతో నున్న తల్లుల పాలు కుడిచిన బిడ్డలు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి రాగా బి1 సూదిమందుతో గంటలలో కోలుకొనుటను వ్రాసిరి. ఏడ్చు బిడ్డలందరికి ఈ రోగమున్నదని భయపడరాదు, ఇది అరుదు. ఐతే కేవలము అన్నము, కారముతో నెలల తరబడి యున్న తల్లి బిడ్డ పాలు మాని, వాంతులు చేసికొని, గొంతు బొంగురుపోయి, ఆయాసపడినచో అది దిష్టియు కాదు, గాలియు కాదు. ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోయి తల్లి ఏమి తినుచున్నదో వైద్యునికి చెప్పవలెను. ఇట్టిదే బి12 అను మరియొక విటమిను. పాలు, గ్రుడ్డు, మాంసము ముట్టని తల్లుల పాలలో అది తగ్గి, బిడ్డ మందకొడియై, నెత్తురు తగ్గి, కొన్నిసార్లు చేతులు వణకును.

సున్నము, ఇనుము మాట వేరు. ఇవి తల్లి తినకున్నను పాలలో అంతగా తగ్గవు. తల్లి ఎముకలనుండి సున్నము తీసియైనను రొమ్ము బిడ్డకు ఇచ్చును. బీద తల్లులు చాలని తిండితోనే తగినన్ని పాలిచ్చుటను గోపాలన్ గారు 1950 దశకమున గమనించి వ్రాసిరి. కనుక ఎండిన బాలింత పాలు చెడ్డవని పలుకుట అన్యాయము. పాలు మంచివే, వాటి ఖరీదును ఆమె తన దేహముతో చెల్లించుచున్నది. అప్పుల లెక్క తెలిసిన సభ్యులకు ఇంతకన్న విడమరచి చెప్ప నక్కరలేదు.

తల్లి భోజనము కారణము కానిచో మరి ఆ బిడ్డ ఏల ఏడ్చుచున్నాడు? ఆరోగ్యముగా నున్న బిడ్డలలోను చాలమంది రెండు మూడు వారముల వయస్సునుండి సాయంకాలముల ఇట్లేడ్చుట కలదు. ఆరవ వారము దగ్గర అది ఉచ్చస్థితికి వచ్చి, మూడు నాలుగు నెలలకు తనంతట తానే తగ్గును. తల్లిపాలు త్రాగు బిడ్డలును, డబ్బాపాలు త్రాగు బిడ్డలును ఒకే తీరున ఏడ్తురు. అందుచే పాలు మార్చిన ప్రయోజనము లేదు. భుజముపై వేసికొని త్రేనుపు వచ్చువరకు నిమురుట, ఒక రొమ్ము పూర్తిగా త్రాగిన పిదపనే రెండవది ఇచ్చుట, ఎత్తుకొని నడచుట, తల్లి అలసినప్పుడు ఇంటిలో మరియొకరు ఎత్తుకొనుట: ఇంతకన్న గొప్ప మందు లేదు. తాతలు ఈ పనికి మిక్కిలి తగినవారు.

మలమును చూచి భయపడుటయు ఎక్కువగనే యున్నది. తల్లిపాలు త్రాగు చంటిబిడ్డ దినమునకు ఎనిమిది పదిసార్లు పసుపుపచ్చగా, పలుచగా వెళ్లినను రోగము కాదు. రెండవ నెల తరువాత నాలుగైదు దినముల కొకసారి మెత్తగా వెళ్లినను మలబద్ధము కాదు. అప్పుడప్పుడు ఆకుపచ్చగా వెళ్లుటయు సహజమే. తల్లి పాలకూర తిన్నదని ఆమెను కోపింపవలదు. దినమునకు ఆరుసార్లు మూత్రము పోయుచు, నెలనెలకు బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నవి. దీనికి మారుగా నీళ్లవలె విరేచనములు, మలములో నెత్తురు, ఆకుపచ్చని వాంతి, జ్వరము, పాలు పట్టకుండుట, మాడు గుంటపడుట, మూత్రము నిలిచిపోవుట, వీనిలో ఏది కనబడినను ఇంటివైద్యము కట్టిపెట్టి రెబ్బెన ఆరోగ్య కేంద్రమునకో, గని కార్మికులైనచో కంపెనీ వైద్యశాలకో వెంటనే వెళ్లవలెను. విరేచనములలోను తల్లిపాలు ఆపరాదు.

శిశువు కడుపు నిజముగా చెడుటకు కారణము తరచుగా తల్లి పళ్లెమున గాక బిడ్డ నోటికి మనమందించు వస్తువులలో నుండును. ఉగ్గుగిన్నె మన భాషలో నుడికారమై నిలిచిన వస్తువు. అయినను దానిలో ఆముదము పోసి బిడ్డచేత మ్రింగించుటచే విరేచనములు పట్టును, ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. మాటలు వచ్చునని అరగదీసి నాకించు వసకొమ్ము ఎక్కువైనచో వాంతులు, మగత కలుగును. తేనెలో ఏడాది నిండని శిశువునకు పక్షవాతము వంటి రోగము తెచ్చు బీజములుండవచ్చును. గ్రైప్ వాటర్ ఇంగ్లండులోని నాటింగ్‌హాము నగరమున 1851లో వుడ్‌వర్డ్ అను మందులవాడు చేసినది. పూర్వపు సీసాలలో సారా యుండుటచే బిడ్డ నిదురించెడివాడు, తల్లిదండ్రులు మందు పనిచేసినదని సంతోషించెడివారు. నేటి సీసాలలో సారా లేకున్నను దానివలన రోగము కుదురునని రుజువు లేదు. ఎండకాలమున నలుబది అయిదు డిగ్రీల వేడిలోను ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పోయనక్కరలేదు, తల్లిపాలలో కావలసిన నీరున్నది. ఆ నీళ్లు తల్లికి త్రాగింపుడు. ఇక పాలసీసా: దాని రబ్బరు తిత్తిలో మూలల నిలిచిన పాలు గంటలలో క్రుళ్లును. పల్లెటింట ప్రతిసారియు దానిని మరిగించుట మాటలు కాదు.

బాలింత ఏమి తినవలెను? గ్రంథముల లెక్క ప్రకారము మొదటి ఆరు నెలలు ఆమెకు మునుపటికన్న దినమునకు 600 కెలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు ఎక్కువ కావలెను. మన వాడుకలో చెప్పవలెనన్న, ఇంటిలోని వారికన్న ఒక పూట కూడు ఎక్కువ. ఉదయము జొన్నరొట్టె గాని అంబలి గాని, మధ్యాహ్నము అన్నము, గట్టిగా నుండు కందిపప్పులో పుంటికూర గాని తోటకూర గాని, ఒక గ్రుడ్డు, సాయంకాలము పిడికెడు వేయించిన పల్లీలు బెల్లముతో, రాత్రి పెసరపప్పు, మునగాకు కూర, మజ్జిగ. చేపయో మాంసమో దొరికిన దినమున ముందు ఆమెకు. అన్నము గంజి వార్చక అత్తెసరు పెట్టుడు, లేదా ఆ గంజి ఆమెకే ఇండు. బియ్యము ఒకటి రెండు సార్లకు మించి కడుగవలదు. దాహమైనప్పుడెల్ల నీరు త్రాగనిండు; బాలింతకు నీళ్లు కట్టడి చేయుట ఏ వైద్యమునకును సమ్మతము కాదు. ఏదేని ఒక కూర తిన్న దినమున బిడ్డ ఎక్కువ ఏడ్చెనని తల్లికే తోచినచో దానిని వారము మాని మరల తిని చూచుకొనవచ్చును. నిర్ణయము ఆమెది కావలెను.

2015లో ఆరోగ్యలక్ష్మి యను పేరు దాల్చిన పథకము క్రింద అంగన్‌వాడీ కేంద్రములలో గర్భవతులకును బాలింతలకును అన్నము, పప్పు, కూరలతో ఒక పూట భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఏర్పాటైనవి. మన బాలింతలు గడప దాటరాదని ఇంటనుండగా వారి గ్రుడ్డు ఎవరో తినుట మేము చూచితిమి. మొదటి దినములలో ఆమె వెళ్లలేకున్నచో ఇంటివారు టీచరును అడిగి తెచ్చి ఆమె ముందరనే పెట్టవలెను. ఇనుము మాత్రలు కాన్పు తరువాత 180 దినములు, సున్నపు మాత్రలు ఆరు నెలలు ఉచితముగా ఇత్తురు. ఇనుము వలన తల్లి మలము నల్లనగును గాని బిడ్డ కడుపు చెడదు. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు సహకార సంఘముగా ఏర్పడి ఇప్పపూవు లడ్డూలు చేసి అమ్ముచున్నారు. మన సంఘమును ఇట్టి దేదైన చేయవచ్చునా యని రానున్న సర్వసభ్య సమావేశమున అడుగ దలచితిమి.

ఎరువు బస్తా సంగతి చెప్పక విడిచితిమి. ఆ సభ్యుని బస్తా మేము తిరిగి తీసికొనలేదు. ఆయన ఇంటికి పోయి ఈ మాటలు చెప్పగా పెద్దామె మూడు దినములు మాటలాడలేదట. నాలుగవ దినమున తానే కందిపప్పు వండి కోడలికి పెట్టినది. బిడ్డ ఏడ్పు వెంటనే మానలేదు. నాలుగవ నెలలో మానినది. పప్పు వలన మానినదని మేము చెప్పము, ఆ వయస్సునకు అది మానవలసినదే. తల్లి మాత్రము పత్తి తీతల నాటికి తిరిగి లేచి నడచుచున్నది. విప్పని పాలడబ్బా యొకటి ఆ ఇంటి గూటిలో ఇంకను ఉన్నదట. దుకాణమువాడు తిరిగి తీసికొనుటకు ఒప్పుకొనలేదు.